పద్నాలుగు కుర్చీలు

ములుకు తీసేసిన పెన్ పెన్సిల్ గొట్టాన్ని ఎదెల్మీరా కంప్యూటర్ ప్రాసెసర్ అడుగున వంగిన పిన్ను మీదికి మెల్లగా దించింది. ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి పక్కకు వంచింది. పిన్ను నిలబడింది. పక్కవాటితో సమంగా ఉందో లేదో భూతద్దంలో రెండు వైపుల నుంచీ చూసి, ఆ ప్రాసెసర్‌ని కోడిగుడ్ల అట్టలోని ఒక గుంటలో పెట్టింది. అట్టలో అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. అన్నీ ఎవరో పారేసిన కంప్యూటర్లలోంచి తీసినవే.

పెరూ రాజధానిలోని విల్సన్ అవెన్యూ దుకాణాల సముదాయంలో కొత్త సరుకు అమ్మేవాళ్ళు కింద అద్దాల కొట్లలో ఉంటారు, పాతవి బాగుచేసేవాళ్ళు పైన. ఎదెల్మీరా కొట్టు ఇరవై రెండేళ్ళుగా మూడో అంతస్తులో మెట్ల పక్కనే. అక్టోబరు చర్చిలో అద్భుతాల ప్రభువు ఉత్సవాల నెల కాబట్టి మొక్కుకి ఊదారంగు అంగీ తొడుక్కుని నడుముకు తెల్లతాడు కట్టుకుంది. చేతులకి ఎంత మసి అంటినా ఆ అంగీకి మాత్రం తుడుచుకోదు.

"దోన్యా, అందరూ వచ్చేశారు," అని నడవా చివరి నుంచి దోన్ అపారీసియో గౌరవంగా పిలిచాడు. "ఆ మాస్టారు కూడా వచ్చి కూర్చున్నాడు. టై కట్టుకుని మరీ."

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ నడవా చివర పొడవాటి బల్ల చుట్టూ పాత ప్రాసెసర్ల పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరతారు. ఒకడు సబ్బుపెట్టెలో, ఒకడు మేజోడులో, ఇంకొకడు రేకు కాగితంలో చుట్టి తెస్తారు. రాబోయేవాటి గురించి విన్నవి, కన్నవి చెప్పుకుంటారు. తమ పాతది దానిముందు ఎంతవరకు నిలుస్తుందోనని వాదించుకుంటారు. వాదన తేలకపోతే పరీక్ష పెడతారు: తెర మీద ఒక బొమ్మని ఎంత వేగంగా గీస్తే అంత పెద్ద అంకె వస్తుంది. బల్ల వెనక తెల్లబోర్డు మీద తొమ్మిదేళ్ళ అంకెలున్నాయి. ఒక్కటి కూడా ఎవరూ చెరపలేదు. చెరపకూడదు. బల్ల పెద్ద అపారీసియో, ఒకప్పుడు టెలిఫోన్ శాఖలో పనిచేసి వచ్చినవాడు, ఆ కట్టుబాట్లు ఆయనవే.

ఈ శనివారం బల్ల దగ్గర మామూలు కంటే రెట్టింపు జనం. నెల తర్వాత గానీ దుకాణాల్లోకి రాని ప్రాసెసర్‌ని కింది అంతస్తు పెద్దకొట్టు సేల్స్‌మన్ రెన్సో తెచ్చాడు. దాన్ని పొట్లం విప్పకుండానే అందరి ముక్కుల ముందూ ఒకసారి తిప్పాడు. వాళ్ళ యజమాని ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"అత్తా, మ్యూజియం మోసుకొచ్చావా?" అన్నాడు రెన్సో గుడ్ల అట్ట చూసి. "టికెట్ ఎంత?"

"చిన్నపిల్లలకి ఉచితం," అంది ఎదెల్మీరా. "ముట్టుకోకుండా చూడాలి, అంతే."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. "దీన్ని దేంట్లోంచి తీశారు దోన్యా?" అని ఎవరో అడిగారు.

"ఒక బ్యాంకు వాళ్ళు పారేశారు."

"బ్యాంకే పారేసిందంటే ఇంక అందులో ఏమీ మిగల్లేదన్నమాట."

మళ్ళీ నవ్వారు. టై కట్టుకున్న ఆ మాస్టారు, ప్రొఫెసర్ తోకస్, ఒక్కడే నవ్వలేదు. కొయీకె కొండ మీద ఎదెల్మీరా వాళ్ళ చర్చి సంఘానికి ఆయన కార్యదర్శి. చర్చి పక్క గదిలో పద్నాలుగు కంప్యూటర్లున్నాయి. అన్నీ ఎవరో పారేసిన సామాను ఏరి, ఎదెల్మీరా ఒక్కొక్కటిగా ఆరేళ్ళలో కట్టినవి. పిల్లలు బడి పాఠాలు అక్కడే చేసుకుంటారు, రెండు విడతలుగా. రెన్సో వాళ్ళ కొట్టు ఆ గదికి నాలుగు కొత్త కంప్యూటర్లు ఇస్తానంది. దానికొక షరతు పెట్టింది. గోడ మీద వాళ్ళ బోర్డు ఉండాలి, ఫొటోల్లో పాతవి ఒక్కటి కూడా కనబడకూడదు. మంగళవారం తుక్కుబండి వస్తుంది. కాకపోతే పాతవి తీసేయాలంటే, అవి పనికిరావని గది బాధ్యత చూసే మెకానిక్ రాసివ్వాలి. ఆ మెకానిక్ ఎదెల్మీరా.

"మనసుతో మాట్లాడితే తేలదు దోన్యా, అంకెలు మాట్లాడాలి," అన్నాడు తోకస్, చొక్కా చేతులు సర్దుకుంటూ. "మీ పాతది కొత్తదానిలో మూడో వంతు వేగం చూపించినా సరే, నేను ఇంక మీ పెట్టెల జోలికి రాను. చూపించకపోతే సంతకం పెట్టాలి. ఇంతమంది ముందు చెప్పండి."

"పెడతాను," అంది ఎదెల్మీరా. తన బల్ల మీద ఆ బ్యాంకు ప్రాసెసర్ మూడు వేల నాలుగు వందలు దాటడం ఆమె ముప్పైసార్లు చూసింది. కొత్తది పది వేలు దాటదని కూడా విన్నది.

రెన్సో కొత్తది ముందు నడిచింది. తెర మీద దీపం బొమ్మ గడి గడిగా నిండి పూర్తయింది. తొమ్మిది వేల రెండు వందల నలభై. అపారీసియో బోర్డు మీద రాశాడు.

ఎదెల్మీరా సంచిలోంచి, ప్రాసెసర్ వేడెక్కకుండా దాని మీద బిగించే తన కూలర్ తీయబోయింది. ఫ్యాను అంచున తుప్పు ఉంది. రెన్సో చెయ్యి అడ్డుపెట్టాడు. "అది వద్దు అత్తా. రేపు ఫ్యాను పాతదని వంక చెబుతావు. ఇద్దరికీ ఒకటే రకం." కొత్త కూలర్ పెట్టె ఆమె ముందుకు తోశాడు. "సీలు తీయనిది. నీకే ఉంచుకో."

న్యాయమే అన్నారు అందరూ. ఆమెకీ కాదనడానికి కారణం కనబడలేదు.

"బిగిస్తున్నారు," అన్నాడు అపారీసియో. మాటలు ఆగిపోయాయి. ఒకరు బిగిస్తున్నప్పుడు ఇంకొకరు మాట్లాడకూడదు, చెయ్యి వేయకూడదు. ఎదెల్మీరా స్పిరిట్ అద్దిన దూదితో ప్రాసెసర్ వీపు తుడిచింది. వేడిని కూలర్‌కి చేరవేసే బూడిదరంగు పేస్టు శనగగింజంత పెట్టింది. కూలర్ తిప్పి చూసింది. అడుగు అద్దంలా మెరుస్తోంది. అంత నున్నటి రాగి చేతికి వచ్చి ఎన్నేళ్ళయిందో. రెన్సో గొంతు సవరించుకున్నాడు. అపారీసియో పెదవుల మీద వేలు పెట్టి అతనివైపు చూశాడు. ఎదెల్మీరా కూలర్‌ని నిటారుగా దించి, నాలుగు మరలూ మూల నుంచి ఎదురు మూలకి, కొంచెం కొంచెంగా బిగించింది.

మొదటి వరస గడులు చకచకా నిండాయి. రెండో వరసలో తడబడింది. మూలన వేడి చూపే అంకె ఎర్రబడింది. తొంభై, తొంభై ఎనిమిది, వంద. ఫ్యాను పిచ్చిదానిలా అరిచింది. గడులు ఒక్కొక్కటే కదిలాయి, పాడుబడ్డ మెట్లెక్కే ముసలివాళ్ళలాగా. బొమ్మ పూర్తయ్యేసరికి ఎవరూ తెర వంక చూడ్డం లేదు.

వెయ్యి నూట ఇరవై ఆరు.

అపారీసియో రాయలేక రాయలేక రాశాడు.

"ఇది మోసం," అంది ఎదెల్మీరా. "కూలర్ గొట్టాల్లో వేడి లాగే ద్రవం లేకుండా ఖాళీ చేసి తెచ్చాడు. సీలు వేయడం ఎంత పని వీళ్ళకి?"

"అత్తా, నేనేం..."

"అత్తా అనకు. దొంగవి. పిల్లల నోటి దగ్గర కూడు లాక్కునే దొంగవి. నీ వెనక ఉన్నవాడు ఇంకా పెద్ద దొంగ, తియ్యి, ఇది కూడా వీడియో తియ్యి."

యజమాని ఫోను దించేశాడు. రెన్సో ముఖం పాలిపోయింది, కాని తిరిగి ఏమీ అనలేదు. అదే ఆమెకి మరింత ఒళ్ళు మండించింది. తప్పు లేనివాడైతే తిరగబడడా?

"కాగితం మంగళవారం ఉదయం తెస్తాను," అన్నాడు తోకస్ లేస్తూ.

కూలర్ ఊడదీయకుండానే మదర్‌బోర్డుని గుడ్డలో చుట్టి, సంచిలో పడేసి, మెట్లు దిగిపోయింది ఎదెల్మీరా.

ఆదివారం పూజ అయ్యాక ఆ గది తాళం తీసింది. పద్నాలుగు కుర్చీల్లో ఏ రెండూ ఒకలాంటివి కావు. బడిలో కాలు విరిగితే అతికించినవి, బేకరీ మూసేసినప్పుడు తెచ్చినవి, ఒకటి మంగలి దుకాణంది, గుండ్రంగా తిరిగేది. ఆ కుర్చీ కోసం పిల్లలు రోజూ కొట్టుకుంటారు. దుమ్ము లేకపోయినా ఆమె ఒక్కొక్క తెర తుడుచుకుంటూ పోయింది.

చర్చిలో ఊడ్చే సెనోవియా గడపలో నిలబడింది. తొమ్మిదో నంబరు కంప్యూటర్ వాళ్ళ పెద్దమ్మాయిది.

"దోన్యా, నాలుగు కొత్తవి వస్తే మరి మిగతా పదిమంది?"

"వంతులు వేస్తారట."

"ఇప్పుడే రెండు వంతులు. రాత్రి ఏడింటికి పిల్లని చీకట్లో కొండ దిగమంటారా?" సెనోవియా చీపురు గోడకి ఆనించింది. "మీరు విల్సన్‌లో పెద్ద మనిషి కదా. చెప్పండి వాళ్ళకి."

చెప్పాను అనబోయింది ఎదెల్మీరా. చెప్పలేదని అప్పుడే తట్టింది. పందెం కాసింది, అంతే.

ఇంట్లో భర్త సబీనో కోడి పులుసు కాస్తున్నాడు. మూడు చక్రాల మోటోటాక్సీ నడిపే మనిషి, ఆదివారం వంట ఆయనదే. ఆమె జరిగిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. రెన్సోని ఏమేం అందో కూడా దాచలేదు.

"దొంగా అని అన్నావా? ఈ అంగీతోనే?"

"అంగీ వేసుకుంటే అన్యాయాన్ని అన్యాయం అనకూడదా?"

"అనాలి." సబీనో గరిటెని కుండ అంచుకి కొట్టాడు. "ఆ కుర్రాడు మోసం చేశాడని కళ్ళతో చూశావా?"

"అంకె చూశాను. మూడు వేల నాలుగు వందలిచ్చేది వెయ్యి ఇచ్చింది. వేరే కారణం ఏముంటుంది?"

"నాకేం తెలుసు, నేను టాక్సీ నడిపేవాణ్ణి." గిన్నె ఆమె ముందు పెట్టాడు. "ఇంకో సంగతి కూడా నాకు అర్థం కాలేదు. నీ ప్రాసెసర్ గెలిచినా ఓడినా, ఆ పిల్లలు కూర్చోవడానికీ దానికీ ఏమిటి సంబంధం? ఆ మాస్టారు అడిగిందానికి నువ్వు సరే ఎందుకన్నావు?"

ఎదెల్మీరా పులుసు మీద తేలే నూనెని చెంచాతో పక్కకి తోసింది. గెలుస్తానని కదా అన్నాను అనుకుంది.

సోమవారం కొట్టు తెరిచి, దీపం కిందికి లాక్కుని, గుడ్డ విప్పింది. రెన్సో మోసాన్ని ఋజువుతో సహా బల్ల మీద పరచాలి, అదొక్కటే ఆమె మనసులో ఉంది. కూలర్ గొట్టాలు కోసి చూడటానికి చిన్న రంపం కూడా పక్కన పెట్టుకుంది. నాలుగు మరలూ విప్పి, కొద్దిగా మెలితిప్పి, కూలర్‌ని పైకి లాగింది.

పేస్టు చక్కగా పరుచుకుంది. పలచగా, అంచుల దాకా, ఎప్పటిలాగే. కాని కూలర్ అడుగున అది రాగికి అంటుకుని లేదు. మధ్యలో ఏదో ఉంది. ఆమె గోటితో మూల దగ్గర గీకింది. పల్చటి ప్లాస్టిక్ పొర లేచింది. దాని మూలన చీమతలంత ఎర్ర అక్షరాలు, బిగించే ముందు తీసేయమని. అంచున బూడిదరంగు పేస్టులో తన బొటనవేలి ముద్ర స్పష్టంగా ఉంది.

ఎదెల్మీరా పొరని దీపం దగ్గరికి తెచ్చి, ఆ ముద్ర పక్కన తన బొటనవేలు పెట్టి చూసింది.

ఇరవై రెండేళ్ళలో ఎంతమందిని తిట్టి ఉంటుంది ఈ పొర తీయనందుకు. కంప్యూటర్ వేడెక్కిపోతోందని వచ్చినవాళ్ళ ముందు ఆ పొర ఊడదీసి, కళ్ళజోడు కొనుక్కోమని చెప్పి పంపేది. తనకి మాత్రం చేతికి వచ్చేవన్నీ ఇంకొకరు వాడి పారేసిన కూలర్లు. వాటి మీద మసి ఉంటుంది, ఎండిపోయిన పేస్టు ఉంటుంది, అప్పుడప్పుడు బొద్దింక ఉంటుంది. పొర ఉండదు. అది ఎప్పుడో మొదటివాళ్ళు తీసేసి ఉంటారు. తన చేతికి తుడవడం అలవాటు, తీయడం అలవాటు లేదు. మెరుస్తున్నది రాగి అనుకుంది.

రంపాన్ని సొరుగులో పెట్టేసింది. పొరని పారేస్తే ఎవరికీ తెలియదు. కూలర్ చెడ్డదే అని అందరూ ఇప్పటికే సగం నమ్ముతున్నారు. రెన్సో కొత్తవాడు, తనది ఇరవై రెండేళ్ళ పేరు. ఆ ఆలోచన వచ్చినందుకు నడుము తాడు ముడిని గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ బల్ల దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. రెన్సో గోడకి ఆనుకుని బ్రెడ్డు తింటున్నాడు. ఆమెని చూసి లేచి వెళ్ళబోయాడు.

"ఆగు," అంది ఎదెల్మీరా. పొరని బల్ల మీద పెట్టింది. "శనివారం నిన్ను దొంగ అన్నాను. కాదు. నీ కూలర్ మంచిదే. ఇది నేను తీయలేదు."

అందరూ వంగి చూశారు. మొదట ఎవరికీ నమ్మకం కుదరలేదు. తర్వాత మేజోడులో ప్రాసెసర్ తెచ్చే లావుపాటి మనిషి కిసుక్కుమన్నాడు. అతని వెనక అందరూ నవ్వారు. "దోన్యా ఎదెల్మీరా పొర తీయలేదట. ఇంక పెరూలో ఎవరి కంప్యూటరూ ఎక్కువ కాలం బతకదు."

"నవ్వండి," అంది ఆమె. "ఇంకా గట్టిగా నవ్వండి."

రెన్సో ఒక్కడే నవ్వలేదు. బ్రెడ్డు కాగితాన్ని మడిచి మళ్ళీ మడిచాడు. "నేను చూశాను అత్తా."

నవ్వులు ఆగాయి.

"ఏం చూశావు?"

"పొర. మీరు కూలర్ తిప్పినప్పుడు మెరిసింది. చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఈయన వేలు చూపించాడు." అపారీసియో వైపు చూడకుండానే అన్నాడు.

"అది బల్ల కట్టుబాటు," అన్నాడు అపారీసియో. స్వరం మాత్రం ఎప్పటిలా లేదు.

"బిగించడం అయిపోయాక మాట్లాడొచ్చు కదా రెన్సో," అంది ఎదెల్మీరా. "వంద డిగ్రీలు ఎక్కినప్పుడు చెప్పొచ్చు. ఈయన అంకె రాయకముందు చెప్పొచ్చు."

"మా బాస్ వీడియో తీస్తున్నాడు." బ్రెడ్డు కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. "తర్వాత మీరు దొంగ అన్నారు. సరే, అనుకోండి అనిపించింది."

ఆమెలో కోపం మళ్ళీ భగ్గుమంది, కాని శనివారం నాటిది కాదు. దాన్ని ఒక్కరి మీద పెట్టడానికి చోటు దొరకలేదు. ఒకడు ఉద్యోగం కోసం ఊరుకున్నాడు, ఒకడు కట్టుబాటు కోసం ఊరుకోమన్నాడు, తను పేరు కోసం సరే అంది. కొండ మీద సెనోవియా కూతురికి ఈ బల్ల ఎక్కడుందో కూడా తెలియదు.

"నీకు అమ్మకం, ఈయనకి కట్టుబాటు, నాకు గొప్ప," అంది నిదానంగా. "మధ్యలో పిల్లల కుర్చీలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది నేనే. మిమ్మల్ని ఏమనను?"

సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి, జరిగింది నాలుగు వాక్యాల్లో రాసింది. "సాక్షులు కావాలి."

అపారీసియో కళ్ళజోడు తుడుచుకుని సంతకం పెట్టాడు. కలం రెన్సో వైపు జరిపాడు. రెన్సో దాన్ని ముట్టుకోలేదు. "సంతకం పెడితే సాయంత్రానికల్లా నన్ను పంపించేస్తారు అత్తా. మా ఆవిడకి నెలలు నిండాయి."

"సరే," అంది ఎదెల్మీరా. నిజంగానే సరే అనుకుంది.

రెన్సో బోర్డు దగ్గరికి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ అంకెల కింద వెయ్యి నూట ఇరవై ఆరు దగ్గర ఆగి, బొటనవేలిని నాలుకతో తడి చేసుకుని, ఆ ఒక్క అంకెనీ చెరిపేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అపారీసియో కూడా.

మంగళవారం ఉదయం తుక్కుబండివాడు గది ముందు మూడు చక్రాల బండి ఆపి హారన్ కొడుతున్నాడు. తోకస్ కాగితాలు ముద్రవేసి, సంతకం దగ్గర గీత కూడా గీసి తెచ్చాడు. సెనోవియాతో పాటు తల్లులు ఏడెనిమిది మంది గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ముందు వీళ్ళకి ఒక మాట చెప్పాలి," అంది ఎదెల్మీరా. తల్లుల వైపు తిరిగింది. "ఈ గది గురించి నేను పందెం కాశాను. మిమ్మల్ని అడగలేదు. అడగాల్సింది. ఆ హక్కు నాకు లేదు. పందెంలో ఓడాను, అదీ నా పొరపాటు వల్లే. కంప్యూటర్ల వల్ల కాదు."

"ఇవన్నీ ఇప్పుడెందుకు దోన్యా," అన్నాడు తోకస్. "సంతకం పెడతానని ఇంతమందిలో మాటిచ్చారు."

"ఇచ్చాను. ఇటివ్వండి."

ఆమె మంగలి కుర్చీలో కూర్చుని కాగితం మోకాళ్ళ మీద పెట్టుకుంది. పద్నాలుగు కంప్యూటర్ల పేర్లూ, వాటి నంబర్లూ వరసగా ఉన్నాయి. ఎదురుగా ఒక గడి, 'లోపం' అని. గడులు ఖాళీగా ఉన్నాయి. మామూలుగా మెకానిక్‌లు అందులో 'పాతబడింది' అని ఒక గీత గీసి, సంతకం పెట్టి పోతారు. ఎదెల్మీరా ఒక్కొక్కటీ చదివి, ఒక్కొక్కదాని ఎదురుగా 'ఏమీ లేదు' అని రాసింది. పద్నాలుగుసార్లు రాసింది. తొందరపడలేదు. బయట హారన్ మళ్ళీ మోగింది. సెనోవియా గుమ్మంలోంచే, "మా ఇంట్లో పాడైన ఇనుప మంచం ఉందయ్యా, దాన్ని తీసుకెళ్ళు, ఇక్కడేం లేదు," అని అరిచింది.

కింద ఇంకా చోటుంది. అక్కడ ఎదెల్మీరా ఇలా రాసింది: 'శనివారం పరీక్షలో లోపం మెకానిక్‌ది. కూలర్ పొర తీయలేదు. పొర జతచేయడమైనది.' దాని కింద పూర్తి పేరుతో సంతకం పెట్టింది. అపారీసియో సంతకం ఉన్న కాగితాన్నీ, ఆ ప్లాస్టిక్ పొరనీ పైన పెట్టి పిన్ను కొట్టి ఇచ్చింది.

తోకస్ చదివాడు. మళ్ళీ చదివాడు. "పనికిరావని రాయాలి కదా. ఇలా రాస్తే దీన్ని ఎక్కడికీ పంపలేను."

"పంపండి మాస్టారూ."

"చదివినవాళ్ళు నవ్వుతారు."

"నన్ను చూసి కదా. విల్సన్‌లో నిన్ననే మొదలుపెట్టారు."

"అంటే మీరు మాట తప్పారన్నమాట."

"సంతకం పెడతానన్నాను, పెట్టాను. అబద్ధం రాస్తానని ఎవరికీ చెప్పలేదు." ఆమె లేచింది. "ఆ నాలుగు కొత్తవి కూడా ఇవ్వమనండి. చోటు చేస్తాం. పద్దెనిమిది మంది కూర్చుంటారు. ఫొటోలో పాతవి పడతాయని భయమైతే ఫొటో తీయొద్దనండి."

తోకస్ కాగితాలు మడిచాడు. ఆ పేస్టు అంత తొందరగా ఆరేది కాదు. పొర మీది బూడిదరంగు అతని వేళ్ళకి అంటింది. రుమాలుతో తుడుచుకున్నాడు, రుమాలుకి అంటింది. చొక్కా చేతులు సర్దుకున్నాడు, తెల్లటి మణికట్టు అంచున రెండు వేలిముద్రలు పడ్డాయి.

"నీళ్ళకి పోదు మాస్టారూ," అంది ఎదెల్మీరా. సంచిలోంచి స్పిరిట్ సీసా, దూది తీసి అతని ముందు పెట్టింది. "మెల్లగా రుద్దాలి."

అతను రుద్దుకుంటూ ఉండగా పిల్లలు లోపలికి వచ్చారు. మంగలి కుర్చీ దగ్గర అప్పుడే తోపులాట మొదలైంది. సెనోవియా కూతురు తొమ్మిదో నంబరు మీట నొక్కింది. కొంచెం ఆలస్యంగా, ఎప్పటిలాగే, తెర వెలిగింది.